ట్యాంకు మూత మీద చిల్లు

పెళ్ళివంటకు జీడిపప్పు తేవడానికి వేటపాలెం వెళ్ళి వస్తుంటే, చర్చి ప్రహరీకి కట్టిన ఫ్లెక్సీలోంచి ఒకాయన నా వైపు చూశాడు. తెల్లచొక్కా, మెడ దాకా పెట్టిన గుండీలు. పక్కన పావురం బొమ్మ. కింద ‘ప్రభువునందు నిద్రించిరి’ అన్న అక్షరాలు, ఆదరణ కూడిక, అంటే సంస్మరణ ప్రార్థన, ఆదివారం సాయంత్రం అని వివరం. ఫ్లెక్సీల్లో మనుషులు బతికుండగా ఎన్నడూ లేనంతగా నవ్వుతారు. ఈయన నవ్వడం లేదు. రిపేరుకొచ్చిన బండి ఏదో చెప్పబోతుంటే వింటున్నట్టు, తల ఓ పక్కకి వంచి ఉన్నాడు.

పేరు కూడా రాసి ఉంది. నేను రాయను. ఆయన పేరు మీద నేను చెప్పిన మాటలు ఇప్పటికే ఎక్కువయ్యాయి.

మెకానిక్కు. మా ఊరి నుంచి పర్చూరు రోడ్డెక్కే చోట, కాలవ గట్టు మీద ఆయన షెడ్డు. నాలుగు రేకులు, ఒక్క గోడ. మూడు పక్కలా గాలి, నాలుగో పక్క ఈయన. రెండు జిల్లాల్లోనూ తెల్లచొక్కాతో ఇంజను కిందికి దూరి తెల్లచొక్కాతోనే బయటికొచ్చిన ప్రాణి ఇంకొకటి లేదు. తక్కిన మెకానిక్కులు సాయంత్రానికి బొగ్గుగని కార్మికుల్లా ఉంటే, ఈయన పొద్దున ఉతికి ఆరేసినట్టే ఉండేవాడు. రహస్యం ఏమిటని అడిగితే, “ఇప్పాల్సింది తెలిస్తే అదొక్కటే ఇప్పుతామండి. తెలీకపోతేనే అన్నీ ఇప్పుతాం, అప్పుడు మసి అయిద్ది,” అన్నాడు.

గొంతు కూడా అంతే పొదుపు. మా వైపు పక్కన కూర్చున్నవాణ్ణి మంచినీళ్ళడిగినా చీరాల స్టేషన్లో రైలు ఆగిపోయేట్టు అడుగుతాం. ఈయన మాట వినాలంటే ముందు ఇంజను ఆపాలి, ఆ తర్వాత మనం ఆగాలి. ఆ రెండో పనే మా వాళ్ళకి కష్టంగా ఉండేది.

మాట్లాడుతూనే, ఆ ఉన్న ఒక్క గోడ మీద సుద్దముక్కతో రాసుకునేవాడు. బండి ఎప్పుడు ఆగింది, ఎన్ని మైళ్ళు పోయాక ఆగింది, ఎండలోనా చల్లపూటా, ఎంత బరువు. ఒకసారి చీరాల ఆటోవాడొకడు వచ్చి, “నా ఆటో మనిషిని చూసి ఆగుతోందయ్యా, లావుపాటి వాళ్ళెక్కితే చాలు,” అన్నాడు. ఇంకొకరైతే నవ్వేసేవారు. ఈయన వెనకసీట్లో కూర్చుని మూడు చుట్లు తిరిగాడు, దారిలో కనపడిన లావుపాటివాళ్ళందరినీ ఎక్కించుకుని. బరువుకి సీటు కిందికి కుంగి, ఓ వైరు లాగబడి ఊడుతోంది. ఆటోవాడు చెప్పింది అక్షరాలా నిజం. “వాళ్ళు అబద్ధం చెప్పరండి. వాళ్ళకి అర్థంకాంది చెబుతారు. మనం నవ్వితే ఆ మాట పోయిద్ది,” అన్నాడు నాతో.

అప్పటికి నేను ఆయన దగ్గరికి రోగిష్టి జీపుతో వెళ్ళి ఉన్నాను.

మా నాన్న వదిలిపోయిన ఆస్తుల్లో నోరున్నది ఆ డీజిల్ జీపొక్కటే. దాని వయసు వింటే ఆర్టీవో ఆఫీసులో గుమాస్తాలు లేచి దణ్ణం పెడతారు. తొమ్మిదేళ్ళ కిందట దానికి ఆగే జబ్బు పట్టుకుంది. గుర్రంలా పోతూ పోతూ రెండుసార్లు దగ్గి, నడిరోడ్డు మీద చచ్చిపోయేది. పావుగంట శవంలా పడుండి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు లేచేది. మిరపకోతలకి పదిహేనుమంది ఆడకూలీలను ఎక్కించుకుని పోయేవాణ్ణి. ఆ ఏడాది వాళ్ళు కోసిన కాయలకంటే తోసిన జీపే ఎక్కువ. “జీపు తోసే కూలి వేరు, కాయ కోసే కూలి వేరు,” అని వాళ్ళలో ఓ ముసలమ్మ బేరం కూడా పెట్టింది. ముగ్గురు మెకానిక్కులు చూశారు. ఒకడు ఫిల్టరు మార్చాడు, ఒకడు పంపు విప్పాడు, మూడోవాడు విప్పినవన్నీ చూసి విచారించాడు. ముగ్గురి చేతుల్లోనూ జీపు బుద్ధిగా నడిచేది. నేనెక్కాకే దాని బుద్ధి మారేది.

“ఎన్నిసార్లు ఆగిందండి?” అన్నాడు ఆయన, సుద్దముక్క తీసి.

“వెయ్యిసార్లు.”

సుద్దముక్క గోడకి ఆనింది గానీ కదల్లేదు. “వెయ్యి కాదుగానీ, ఎన్నిసార్లు?”

“ఓ వంద వేసుకో.”

ఇంకా కదల్లేదు.

“ఈ నెలలో ఏడు,” అంది జీపులోంచి మా ఆవిడ.

గోడ మీద ఏడు పడింది. ఆ తర్వాత ఆయన ప్రశ్నలన్నీ నావైపు చూసి అడుగుతూ, జవాబులన్నీ ఆమె దగ్గర తీసుకున్నాడు.

“ఆగినాక ఏం చేస్తారండి?”

“ఏం చేస్తా, తంతాను. దాని వంశాన్ని తిడతాను. దానికి దిష్టి తీస్తాను.”

“వాటికి ముందు?”

“ముందు ట్యాంకు మూత తీసి పుల్ల పెట్టి చూస్తాడు, డీజిల్ ఉందా లేదా అని,” అంది మా ఆవిడ.

సుద్దముక్క అక్కడ చాలాసేపు ఆగింది. “అది తీసినాక నడుస్తదా, తియ్యకపోయినా నడుస్తదా?”

తియ్యకుండా ఎన్నడూ ఊరుకోలేదు కనక మా ఇద్దరికీ తెలీదు.

“ఆగినప్పుడు చూడాలండి,” అన్నాడు. “నడిచేటప్పుడు ఏ బండైనా బాగానే ఉంటది.” ఇది ఆయన రోజుకి పదిసార్లు అనే మాట. పదిసార్లు అంటే పదిసార్లే, ఇది మాత్రం నేను పెంచలేదు.

మూడురోజులు నా పక్కన కూర్చుని తిరిగాడు. జీపు ఆగితే ఒట్టు. ఊళ్ళో మా బావ, అరుగు మీద కూర్చుని రోడ్డుకి కాపలా కాయడం వృత్తిగా గలవాడు, మేం కనపడినప్పుడల్లా, “ఒరేయ్, నీ జీపుకి సిగ్గెక్కువరా, కొత్తవాళ్ళ ముందు ఆగదు,” అనేవాడు. మూడోరోజు సాయంత్రం ఆయన అడిగాడు, “డీజిల్ ఎంత కొట్టించారండి?” ఉత్తపుణ్యానికి తిరగడానికి ఎంత కొట్టిస్తాం, రోజుకి ఐదు లీటర్లు. “ఆగిన ఏడుసార్లూ?” ఆ ఏడుసార్లూ కోతల రోజులే, నిండా కొట్టించినవే. “రేపు నిండా కొట్టించండి,” అన్నాడు.

నాలుగోరోజు, రెండు పక్కలా పత్తిచేలు తప్ప ఇంకేమీ లేనిచోట, జీపు రెండు దగ్గులు దగ్గి ఆగింది. నేను అలవాటుగా పుల్ల కోసం చెయ్యి చాపాను.

“దిగొద్దండి. ఏదీ ముట్టుకోవద్దు.”

తాళంచెవి తిప్పమన్నాడు. తిప్పాను. మూలుగు తప్ప మరేమీ లేదు. కాసేపాగి మళ్ళీ తిప్పమన్నాడు. అదే మూలుగు. అప్పుడు దిగాడు. డీజిల్ ట్యాంకుకి చెవి ఆనించి, పసిబిడ్డ గుండె వినే డాక్టరులా నిలబడ్డాడు. నా జీవితంలో నేను నోరు మూసుకుని కూర్చున్న రెండు నిమిషాలు అవే. మూత అంచు పట్టుకుని మెల్లగా తిప్పాడు. మునిగిపోతున్నవాడు తల పైకెత్తి పీల్చినట్టు, ట్యాంకు పెద్దగా ఊపిరి పీల్చుకుంది. నేను సీట్లోంచే విన్నాను.

“ఇప్పుడు తిప్పండి.”

తిప్పాను. పెళ్ళికొడుకులా లేచింది.

మూత తెచ్చి నా చేతిలో పెట్టాడు. దాని మీద పసుపు, కుంకుమ, మళ్ళీ పసుపు, మళ్ళీ కుంకుమ. దసరాకి ఆయుధపూజ చేసేటప్పుడు బండికి నాలుగు బొట్లు పెట్టమంటే, జీపుకి నలుగుపెట్టి స్నానం చేయించే రకం నేను. ఐదారు దసరాల పూత గట్టిపడి సిమెంటైంది. “ఇక్కడ సూదిమొనంత చిల్లుంటదండి,” అన్నాడు ఆయన, తన వేలు పసుపుకి తగలకుండా చూపిస్తూ. “డీజిల్ పోయిన చోటికి గాలి రావాల. ఇది మూసుకుపోయి రావట్లా. లోపల గాలి లేక డీజిల్‌ని ట్యాంకే పట్టేసుకుంటంది. నిండా ఉన్నప్పుడు లోపల గాలి తక్కువ గదా, అందుకని తొందరగా ఆగిద్ది.” జేబులోంచి గుండుసూది తీసి ఇచ్చాడు. “పసుపు మీరు పెట్టింది, మీరే తియ్యండి. నేను తియ్యగూడదు. వచ్చే దసరాకి ఈ చిల్లొక్కటి వదిలేసి బొట్టు పెట్టండి.”

ఆయన అన్నది అంతే. చేసింది అంతే. మూత మీది పసుపు గీకింది నేను. గీకి పక్కన మురుగులో దులిపింది నేను.

జీపు ఆ తర్వాత ఈనాటిదాకా ఒక్కసారి కూడా ఆగలేదు.

మర్నాడు పొద్దున టీకొట్టు దగ్గర మా బావ, “ఏరా, ఏందంట జబ్బు?” అన్నాడు. ఇరవైమంది ఉన్నారు. జరిగింది జరిగినట్టు చెబితే రెండు ముక్కల్లో అయిపోతుంది. రెండు ముక్కల్లో అయిపోయేది నేనెన్నడూ చెప్పి ఎరగను. అందుకని మూత మీద పసుపు అరకిలో చేశాను. దాన్ని తియ్యడానికి ఆయన చేతికి ఉలీ సుత్తీ ఇచ్చాను. ఆయన ఉలితో కొడుతూ, “మీ అమ్మవారికి చెప్పండయ్యా, ట్యాంకులో కాపురం పెట్టొద్దని,” అన్నాడని చెప్పాను. ఆయన గొంతు కూడా పెట్టి చెప్పాను, మెల్లగా, తల వంచి. బ్రహ్మాండంగా కుదిరింది. మా బావకి టీ ముక్కులోకి పోయింది. “ఇంకోసారి చెప్పరా, ఇంకోసారి,” అన్నారు. చెప్పాను. మర్నాడు పక్కవీధి వాళ్ళు వినడానికొచ్చారు. వాళ్ళని ఉత్తచేతుల్తో ఎలా పంపుతాం, తీసిన పసుపు ఆయన చేత కాలవలోకి విసిరేయించాను.

మూడు వారాలకి ఆ కథ నా దగ్గరికే తిరిగొచ్చింది, పురుగుమందుల కొట్లో, ఎవరో పొరుగూరి రైతు నోట. అన్నీ ఉన్నాయి. ఉలి ఉంది, కాలవ ఉంది, అమ్మవారు ఉంది. నవ్వు మాత్రం దారిలో ఎక్కడో దిగిపోయింది. “చర్చికి పోయేవాడు గదా. మన బండి వాడి చేతికిస్తే పూజ చేసిందంతా గీకి కాలవలో పారేస్తాడంట. కావాలనే,” అన్నాడు ఆ రైతు. నేను కల్పించుకుని, అది కాదండీ, అనబోయాను. పత్తికి ఏ మందు కొట్టాలన్న గొడవలో పడి అనలేదు.

కాలవగట్టు మీద ట్రాక్టర్లు ఆగడం మానేశాయి. ఎవరూ కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. పోయేటప్పుడు కొంచెం గేరు పెంచి పోయేవాళ్ళు, అంతే. ఒకాయన బండి సరిగ్గా షెడ్డు ఎదురుగానే ఆగిపోతే, ఎద్దుల్ని తెప్పించి పర్చూరు దాకా లాగించుకుపోయాడు.

ఆయన మా ఇంటికొచ్చాడు. వరండాలో నిలబడ్డాడు. మా ఆవిడ మంచినీళ్ళిచ్చింది. ఆయనకిచ్చే స్టీలు గ్లాసు మా ఇంట్లో వేరే ఉండేది, వరండా కిటికీలో బోర్లించి. అది గొప్ప స్టీలే. మా వంటింట్లో గ్లాసులకంటే తళతళలాడేది, వాడకం తక్కువ కనక. తాగి, తనే కడిగి, కిటికీలో బోర్లించాడు.

“ఆదివారం సొసైటీ ఆఫీసు దగ్గర పెద్దలు కూర్చుంటారంట, నన్ను రమ్మన్నారు. మీరొచ్చి నేను అన్నది అన్నట్టు చెప్పండి బాబూ. ఎక్కువొద్దు, తక్కువొద్దు.”

“ప్రాణం అడ్డేసి చెబుతానయ్యా.”

“ప్రాణమొద్దండి. ఆ మాట చాలు.”

ఆదివారం ఆయన ప్రార్థన ముగించుకుని అటునుంచటే వచ్చాడు, చంకలో బైబిలు. ఆదివారం పానా ముట్టని మనిషి. సొసైటీ వరండాలో మా బాబాయి మధ్యలో కుర్చీలో, చుట్టూ ఓ ముప్ఫైమంది. ముప్ఫై అంటే నిజంగా ముప్ఫై. ఆయన మెట్టు కింద నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు, నాతో సహా.

“ఏరా అబ్బాయ్,” అన్నాడు బాబాయి నాతో, “ఆ పసుపు వీడు గీకాడా? అమ్మవారి మాట అన్నాడా?”

చెప్పాల్సింది చిన్నది. నేను గీకాను, ఆయన పసుపు ముట్టుకోలేదు, అమ్మవారి మాట నాది. అంటే అంతమంది ముందు అమ్మవారి మీద జోకు వేసింది నేనని ఒప్పుకోవాలి. మా బావ నన్నే చూస్తున్నాడు, నవ్వడానికి సిద్ధంగా. నా నోట్లోంచి ఈ మాట వచ్చింది:

“ఏదో సరదాకి అనుంటాడులే బాబాయ్. వదిలెయ్యండి.”

ఎంత మంచితనం. ఆయన్ని కాపాడినట్టూ ఉంది, నేను తప్పించుకున్నట్టూ ఉంది. వరండా అంతా తలాడించింది. అంటే అన్నాడన్నమాటే.

ఆయన నావైపు తిరిగాడు. “నేను సరదాగా మాట్టాడగా మీరెప్పుడన్నా విన్నారా అండి?” అన్నాడు. ఎప్పటిలాగే మెల్లగా. ముందువరసకి తప్ప వినపడి ఉండదు. తర్వాత నన్నలా చూస్తూ నిలబడ్డాడు, జీపు పక్కన నిలబడ్డట్టే. నేను రేకుల మీద కాకిని చూశాను.

“సరేలే,” అన్నాడు బాబాయి, “అన్నావో లేదో, తప్పయిందని ఒక్కమాట అను. అయిపోయిద్ది. రేపట్నుంచి బండ్లన్నీ నీ దగ్గరికే వస్తాయి.”

“అననిదానికి ఎట్టా అనమంటారండి?”

“ఒక్క మాటేగా.”

“అవునండి. ఒక్క మాటే,” అని, బైబిలు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని వెళ్ళిపోయాడు.

మిరపకోతలు అయ్యేలోపు షెడ్డు రేకులు విప్పుకుని వేటపాలెం పోయాడు. అక్కడ జీడిపప్పు ఫ్యాక్టరీలో మోటార్లూ బెల్టులూ చూసే పని. మోటార్లకి పసుపు ఎవరు పెట్టేవారో, ఎలా పెట్టేవారో నాకు తెలీదు. తొమ్మిదేళ్ళలో జీడిపప్పు కోసం చాలాసార్లు వెళ్ళాను. ఆ ఫ్యాక్టరీ వీధి తప్పించి వెళ్ళాను.

ఆదరణ కూడికకి మాత్రం వెళ్ళాను. చిన్న హాలు, ప్లాస్టిక్ కుర్చీలు. నాకు ముందువరసలో కుర్చీ వేశారు, నేనెవరో కూడా అడక్కుండానే. పాటలయ్యాయి. పాస్టరుగారు, పోయినవారి గురించి చెప్పదలిచినవాళ్ళు ముందుకు రావచ్చన్నారు. ఫ్యాక్టరీ ఆడవాళ్ళు ఇద్దరు చెప్పారు. మోటారు ఎందుకు ఆగిందో తెలిసేదాకా ఆయన అన్నం తినేవాడు కాదని. నేను లేచాను. మైకు పట్టుకుని, ఏ ఊరివాణ్ణో చెప్పి, జీపు గురించి చెప్పాను. ఏడుసార్లు ఆగిందని చెప్పాను. పసుపు నేను గీకానని చెప్పాను. ఆయన అన్న మాట అన్నట్టు చెప్పాను. అమ్మవారి మాట నేను కల్పించానని, సొసైటీ దగ్గర నిజం చెప్పలేదని చెప్పాను. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. చెప్పేసి, గుండె మీది బండ దిగిందనుకుంటూ ఆయన భార్య దగ్గరికి పోయి చేతులు జోడించాను.

ఆమె లేచి నిలబడి తనూ జోడించింది. “ఇక్కడ చెబుతారేంది బాబుగారూ?” అంది. “ఇక్కడ అందరికీ తెలుసు. ఆయన అనలేదని మాకెవరన్నా చెప్పాలా? మీ ఊళ్ళో చెప్పాల అది. ఆయన అదొక్కటే అడిగింది.” కోపం లేదు. దారి తప్పినవాడికి దారి చెప్పినట్టు చెప్పి, పక్కనున్నామెతో, “టీ ఇవ్వండమ్మా ఆయనకి,” అంది.

మర్నాడు పొద్దున్నే టీకొట్టుకి వెళ్ళాను. బావ ఉన్నాడు. ఆనాటి ఇరవైమందిలో పోయినవాళ్ళు పోగా ఉన్నవాళ్ళున్నారు, ఆనాడు లేని కుర్రకారు ఇంకో పదిమంది ఉన్నారు. కాలవగట్టు మెకానిక్కు పోయాడని చెప్పాను.

“ఎవరూ, అమ్మవారి మెకానిక్కా?” అన్నాడు బావ.

అది కాదని, జరిగింది ఇదీ అని, నిలబడి మొత్తం చెప్పాను. ఒక్క ముక్క పెంచలేదు. ముఖాలన్నీ నావైపే ఉన్నాయి. చెప్పడం అయిపోయాక కూడా అలాగే ఉన్నాయి, ఇంకా ఏదో వస్తుందని. రాలేదు. ఎవరో గ్లాసు బల్ల మీద పెట్టారు.

“ఇంతేనా?” అన్నాడు ఒకడు.

“ఇంతే.”

“ఒరేయ్, పెద్దాడివవుతున్నావురా,” అన్నాడు బావ జాలిగా. “చచ్చిపోయినోడి మీద జోకెందుకని మార్చి చెబుతున్నావు గానీ, చప్పగా ఉంది. మేం విన్లేదా ఏంది? నీ నోటితోనే విన్నాం.”

“అప్పుడు చెప్పింది అబద్ధం బావా. ఇది నిజం.”

“సరే, నిజమే అనుకో,” అని, బావ కుర్రాళ్ళ వైపు కుర్చీ తిప్పుకున్నాడు. “వీడు మర్చిపోయాడు, నేను చెబుతా వినండ్రా. ఆ మెకానిక్కు ఏం చేశాడంటే, మూత తీసి కింద పడేసి, కాలితో...”

కాలు నేనెన్నడూ చెప్పలేదు.